అడుక్కొచ్చిన నారు

లచ్చవ్వ ఒడ్డు చెక్కుతోంది. పారతో గడ్డిని గీకి, ఆ మట్టినే మళ్లీ ఒడ్డుకు మెత్తి, మడమతో అదిమి ఒక అడుగు ముందుకు జరుగుతోంది. పక్కన నారుమడి. మొలక వడ్లు చల్లి తుకం పోసి పద్దెనిమిది రోజులు. జానెడు ఎదిగిన నారు గాలికి ఒకవైపు వాలి, మళ్లీ లేస్తోంది. ఇంకో వారం ఆగితే పీకి నాటు పెట్టుకోవచ్చు.

గుట్ట దిక్కు నుంచి ఇంజన్ల మోత వినబడింది. ఆమె తల ఎత్తలేదు. రుద్రంగి గుట్టలకు ఆదివారం పూట జీపులు రావడం రెండేళ్లుగా మామూలైపోయింది. కోరుట్ల నుంచీ జగిత్యాల నుంచీ పెళ్లాం పిల్లలను వేసుకుని వస్తారు. బాట ఉన్నచోట నడిపితే వాళ్లకు తృప్తి ఉండదు. రాళ్ల మీద, వాగులో, బురదలో నడపాలి. పిల్లలు కేకలు పెట్టాలి. తర్వాత గుట్ట కింద చాపలు పరుచుకుని బగారన్నం తినాలి. ఊరివాళ్లు మొదట్లో పని ఆపి చూసేవాళ్లు, ఇప్పుడు అదీ మానేశారు.

మూడు జీపులు బండ్ల బాట మీద కుంట దాకా వచ్చి ఆగాయి. ముందున్న నల్ల జీపులోంచి ఒక మనిషి తల బయటపెట్టి చుట్టూ చూశాడు. వానలు ఇంకా సరిగ్గా పడలేదు. నేలంతా ఎండి ఉంది. నీళ్లు నిలిచి తడితడిగా మెరుస్తున్నది నాలుగు గుంటల నారుమడి ఒక్కటే. చక్రం అటు తిప్పాడు.

"నారు! నారు! ఓ సారూ, నారున్నది!"

పార చేతిలో ఉన్నదన్న సంగతి కూడా మరిచి లచ్చవ్వ పరుగెత్తింది. జీపు మడిలో ఒక చుట్టు తిరిగింది. చక్రాలు లేపిన బురద పైదాకా ఎగిరి పడింది. లోపల ఎవరో కేరింత కొట్టారు. రెండో చుట్టు, మూడో చుట్టు. మిగతా రెండు జీపుల వాళ్లు ఒడ్డు మీద నిలబడి ఫోన్లలో తీస్తున్నారు. నాలుగో చుట్టు అయ్యేసరికి మడిలో పచ్చదనం అనేది లేదు. ముద్దయిన బురదలో అక్కడక్కడా తెల్లటి వేళ్లు పైకి తేలి ఉన్నాయి.

జీపు ఆమె పక్కకు వచ్చి ఆగింది. నడిపేవాడికి నలభై లోపే ఉంటాయి. చలువ కళ్లద్దాలు, మెడలో తువ్వాల. పక్కన భార్య ఒళ్లో ఫోను పెట్టుకుని కూర్చుంది. వెనక పదేళ్ల ఆడపిల్ల.

"గడ్డే గదా అవ్వా! మల్ల మొలుస్తది తీ" అన్నాడు నవ్వుతూ. "ఇది మా రామస్వామి మామ భూమే. నీకెందుకు ఫికరు?"

వెళ్లిపోయారు. అతని పేరు సతీశ్ అనీ, రామస్వామి పటేలుకు సొంత మేనల్లుడనీ, పన్నెండేళ్లు దుబాయిలో ఇసుక దిబ్బల మీద టూరిస్టులను తిప్పి వచ్చి ఇప్పుడు కోరుట్లలో ఈ కుటుంబాల బృందాన్ని నడిపిస్తున్నాడనీ సాయంత్రానికి తెలిసింది. వాడి తాత వరి పండించి బతికిన మనిషే. మనవడికి నారుకూ గడ్డికీ తేడా తెలియదంటే లచ్చవ్వ నమ్మలేదు. తెలిసే అన్నాడని ఆమెకు అనిపించింది, ఆ అనుమానం ఇక పోలేదు.

ఎకరన్నర పొలం రామస్వామిదే. లచ్చవ్వ, ఆమె పెనిమిటి ఎర్రయ్య ఆరేళ్లుగా కౌలుకు చేస్తున్నారు. మర్నాడు ఆమె పోయి చెబితే రామస్వామి వాకిట్లో కూర్చుని అంతా విన్నాడు.

"పోరడు తెల్వక చేసిండు లచ్చవ్వా. నేన్ జెప్త తియ్యి వానికి" అన్నాడు. "ఇప్పుడు మల్ల తుకం పోస్తె అదును దాటుతది. ఈ కారు ఇడిశిపెట్టు, యాసంగికి చూద్దం."

ఒక కారు పంట విడిచిపెట్టడం ఆయనకు ఒక్క మాటతో అయ్యేపని. లచ్చవ్వ ఇంట్లో ఏడాది తిండి ఆ పొలంలోనే ఉంది. ఆమె లేచి వచ్చేసింది.

కూతురు స్వప్న తంగళ్ళపల్లిలో చిన్నమ్మ ఇంట్లో ఉండి సిరిసిల్లలో బట్టలు కుట్టే పనికి పోతుంది. శనివారం వచ్చి, చెప్పులు కూడా విడవకుండా ఫోను తల్లి ముందు పెట్టింది. ఫోనులో లచ్చవ్వ పరుగెత్తుతోంది. చీర మోకాళ్ల దాకా ఎగదోపి, పార గాలిలో పట్టుకుని, నోరు తెరిచి. ఆమె అరుపు తీసేసి డప్పు దరువు పెట్టారు. అడుగులు దరువుకు సరిపడేట్టు ఆపి ఆపి తిప్పారు. చిందులేస్తున్నట్టే ఉంది. కింద ఏవో అక్షరాలు.

"ఏం రాసిన్రు?"

"మన జీపు చూసి అవ్వ ఆగం ఆగం అని రాసిన్రు." స్వప్న ఫోను బోర్లించింది. "మా మిషన్ల కాడ అందరు చూసిన్రవ్వా. మల్ల మల్ల వెట్టుకోని నవ్విన్రు. నేను... మా అవ్వ అని జెప్పలే."

లచ్చవ్వ బిడ్డ మొహం చూసింది. "జెప్పకుంటెనే మంచిదైంది తియ్యి" అని బియ్యం చేటలోకి చేయి పెట్టింది. రాళ్లు ఏరుతున్న వేళ్లు ఆగలేదు. కానీ లోపల ఏదో కాలడం మొదలైంది. నారు పోయినప్పుడు కూడా అంత కాలలేదు. కన్నబిడ్డ నలుగురిలో తల్లిని తల్లి అని చెప్పుకోలేకపోయింది. వాడు ఆ బురదలో పడాలి. మెడ దాకా పడాలి. పడి, ఓ అవ్వా అని తనను పిలవాలి. ఆ రోజు నుంచి అన్నం తింటున్నా, నడుస్తున్నా ఆమె మనసు ఆ ఒక్క కోరికనే నములుతూ పోయింది.

అయినా పొలం బీడు పెట్టలేదు. వానలు పడి నాట్లు మొదలుకాగానే ఆడవాళ్ల జట్టుతో కూలికి పోయింది. ఏ మడిలోనైనా నాటు ముగిశాక రెండు మూడు మోపుల నారు మిగులుతుంది. దాన్ని అడగకుండా ఎవరూ తీయరు, అడిగితే ఎవరూ కాదనరు. లచ్చవ్వ అడిగింది. ఎన్నడూ ఒకరి ముందు చేయి చాచి ఎరగని మనిషి, పొద్దంతా నడుం వంచి నాటు వేసి, సాయంత్రం ఒడ్డు మీద నిలబడి మిగిలిన నారు అడిగింది. అడిగిన ప్రతిసారీ ఆ చలువ కళ్లద్దాలు గుర్తొచ్చాయి.

దుర్గవ్వ ఇచ్చింది దొడ్డు రకం. బాలవ్వ ఇచ్చింది ముదిరి గణుపు పట్టిన నారు. ఇంకొకరిది ఏ రకమో ఇచ్చినవాళ్లకే తెలియదు. తెచ్చిన కట్టలను తెచ్చినట్టు తెల్లారగానే ఎర్రయ్యా ఆమే పొలంలో పెట్టుకుంటూ పోయారు. పదకొండు రోజులు పట్టింది. చివరికి కుంట పక్క మూల ఒకటి మిగిలింది. పదకొండో రోజు జట్టు పని చేసింది రామస్వామి పొలంలో. సన్న రకం. ఆయన మిగిలిన కట్టలను కర్రతో చూపించి, "తీస్కపో" అన్నాడు. లచ్చవ్వ వాటిని నెత్తిన పెట్టుకుంది, నీళ్లు మొహం మీద కారుతుంటే తుడుచుకోకుండా నడిచింది.

పొలం నిండింది. కానీ చూడటానికి అతుకుల బొంతలాగా ఉంది. ఒకచోట ముదురాకు పచ్చ, ఒకచోట పసుపు ఛాయ, ఒకచోట మోకాలెత్తు, ఒకచోట జానెడు. దారిన పోయేవాళ్లు చూసి నవ్వబోయి, సంగతి తెలుసు గనుక ఊరుకున్నారు.

ఆ పొలానికీ కుంట కట్టకూ నడుమ అరెకరం నేల ఉంది. తుంగ మొలిచి చదునుగా, పచ్చగా, ఎంతో బాగుంటుంది. అది జాలు. కుంట నీరు అడుగు నుంచి ఊరి పైపొర కింద అంతా పలుచటి బురదగా ఉంటుంది. ఎండాకాలంలో మేకలు తిరుగుతాయి. వానలు మొదలైతే మనిషి కూడా దిగడు. ఏడేళ్ల కింద ఎర్రయ్య బర్రె అందులో దిగబడి, ఊరంతా కలిసి లాగినా రాక, కళ్ల ముందే చనిపోయింది. అప్పటి నుంచి ఏటా తొలి వానకు ఎర్రయ్య తుమ్మ కంప కొట్టి జాలు మొగదాలకు అడ్డం వేస్తాడు. ఎవరికీ చెప్పే పని ఉండదు, కంప చూస్తే తెలుస్తుంది.

నాట్లు ముగిసిన కొన్నాళ్లకు, ఒక శనివారం పొద్దు వాలకముందు లచ్చవ్వ ఆ కంపను కర్రతో ఎత్తి లాగింది. ముళ్లు మోచేతికి గీసుకున్నాయి. ఈడ్చుకుంటూ పోయి బండ్ల బాటకు అడ్డం వేసింది. మొగదాల ఖాళీ అయింది. అక్కడ నిలబడి చూస్తే తుంగ మీదుగా కుంట కట్ట దాకా ఏ అడ్డమూ లేదు, రమ్మని పిలుస్తున్నట్టే ఉంది.

ఎర్రయ్య ఒడ్డు మీద నుంచి చూశాడు. "కంప గీడ తీసి గాడ ఏసినవేందే?"

"బాట మీదికెళ్లి పొలంలకు రావొద్దని."

"జాలు కాడ?"

ఆమె మోచేతిలో విరిగిన ముల్లు పీక్కుంటోంది. ఎర్రయ్య తువ్వాలతో మెడ తుడుచుకున్నాడు. "రేపు ఆదివారం" అన్నాడు మెల్లగా. ఇంకేమీ అనకుండా ఇంటి దారి పట్టాడు. ఆయన వద్దని గట్టిగా అని ఉంటే ఆగేదాన్నేమో అని లచ్చవ్వ తర్వాత ఒకసారి అనుకుంది. ఆగేది కాదు.

జీపులు పదకొండింటికి వచ్చాయి. లచ్చవ్వ పొలంలో కలుపు తీస్తోంది. వంగిన నడుము ఎత్తకుండానే చెవులు అటు పెట్టింది. ఇంజన్లు ఆగాయి. బాటకు అడ్డంగా ఉన్న కంపను చూసి నవ్వులు.

"మనకే ఏసిన్రు గీ కంప" అన్నాడు సతీశ్. దిగి, చుట్టూ చూసి, తుంగ నేలను చూశాడు. జేబులోంచి చిన్న పరికరం తీసి ఒక్కో చక్రం దగ్గర గొంతుక్కూర్చుని గాలి తీయడం మొదలుపెట్టాడు. బుస్సుమని శబ్దం. వెనక వాళ్లకు పాఠం చెబుతున్నాడు. "టైరు మెత్తగుంటె ఎక్కువ జాగ పట్కుంటది. దిగవడది. స్పీడు తగ్గియ్యొద్దు, ఆగొద్దు. దుబాయిల గిదే ఫస్టు నేర్పుతరు."

ఇసుకకు అది నిజమే. ఇసుక కింద ఇసుకే ఉంటుంది. జాలు కింద ఏముంటుందో దుబాయిలో నేర్పరు.

లచ్చవ్వ నడుం ఎత్తింది. ఈ గడియ కోసమే ఇన్ని రోజులు కాలింది. అప్పుడే వెనక తలుపు తీసి ఆ ఆడపిల్ల కిందికి దిగింది. తెల్ల బూట్లు. ఒడ్డు దాకా వచ్చి పొలం చూస్తూ నిలబడింది. తర్వాత తల్లి పిలిస్తే పోయి మళ్లీ జీపులో కూర్చుంది.

లచ్చవ్వకు బర్రె కళ్లు గుర్తొచ్చాయి. చేతిలో కలుపు కట్ట అక్కడే పారేసి ఒడ్డు ఎక్కి జీపు ముందుకు వచ్చింది.

"గటు పోకు కొడుకా. జాలున్నది. బర్రె దిగవడి సచ్చింది గాడ. పోరి ఉన్నది, పోకు."

సతీశ్ భార్య రచన అప్పటికే ఫోను పట్టుకుని తీస్తోంది. అతను ఫోను వైపు తిరిగాడు.

"చూసిన్రా, అవ్వ చాలెంజ్ చేస్తుంది! ఇసుక దిబ్బలే ఎక్కిచ్చిన, గీ తుంగ ఒక లెక్కనా?"

"నేను జెప్తున్న ఇను..."

"సరె అవ్వా, జరంత జరుగు. మల్ల డాన్సు చెయ్యాలె నువ్వు."

లచ్చవ్వ జరిగింది. ఆ ఒక్క మాటతో ఆమెలో మెత్తబడినదంతా మళ్లీ గట్టిపడింది. పో, అనుకుంది. నా నోటితో వద్దని చెప్పాను. ఇక పో.

జీపు ఊపుగా దిగింది. ముందు ముప్పై గజాలు తుంగ మీద తేలినట్టే పోయింది, వెనక వాళ్లు చప్పట్లు కొట్టారు. తర్వాత ముందు చక్రాలు ఉన్నట్టుండి కనపడలేదు. సతీశ్ యాక్సిలరేటర్ తొక్కాడు. ఇంజను అరిచినకొద్దీ జీపు కిందికి కూర్చుంది. తలుపుల కింది అంచు దాకా బురద వచ్చాక చప్పుడు ఆగిపోయింది. రచన కేక వినబడింది, తర్వాత పిల్ల ఏడుపు.

"అవ్వా! ఓ అవ్వా!" సతీశ్ పిలిచాడు.

సరిగ్గా కోరుకున్న పిలుపు. లచ్చవ్వకు కడుపు చల్లబడలేదని చెప్తే అబద్ధం. ఒక గుటక మింగేంత సేపు ఆమె ఒడ్డు మీద ఊరికే నిలబడి ఆ పిలుపు విన్నది.

తర్వాత పని మొదలుపెట్టింది. దుర్గవ్వను కేకేసింది. ఎర్రయ్య గడ్డివాము నుంచి వరిగడ్డి మోపులు తెచ్చి వరసగా పరిచాడు. వాటి మీద పాక తలుపు వేశారు. లచ్చవ్వ దాని మీద నడిచి జీపు దాకా పోయింది. "కాలు ఎత్తొద్దు. ఈడ్చుకుంట రా" అని రచన చేయి పట్టింది. పిల్లను చంకన వేసుకుంది. ఒక తెల్ల బూటు బురదలో ఉండిపోయింది. చివర సతీశ్ వచ్చాడు, నడుం దాకా బురద, కళ్లద్దాలు లేవు.

కాలువ దగ్గర లచ్చవ్వ పిల్ల కాళ్లు కడిగింది. ఆ పిల్ల పేరు అనూష. ఎక్కిళ్లు ఆగాక పొలం వైపు చూస్తూ అడిగింది.

"మీ పొలం గిట్లెందుకుంది అవ్వా? గీడొక రంగు, గాడొక రంగు?"

"మీ డాడీని అడుగు" అంది లచ్చవ్వ. పిల్లకు అర్థం కాలేదు.

సాయంత్రం దాకా మిగతా రెండు జీపులు, ఊరి ట్రాక్టర్లు రెండు బాట మీద నుంచి పొడవాటి ఇనుప తాడుతో లాగాయి. వెనక బంపరు ఊడి వచ్చింది, జీపు రాలేదు. బాట మీద బంపరు చుట్టూ జనం చేరి చూశారు. ఫోన్లు కూడా చాలానే లేచాయి.

సోమవారం పొద్దున శేఖర్ అనే డ్రైవరు మట్టి తవ్వే పెద్ద చైన్ బండిని లారీ మీద తెచ్చి దించాడు. చూసి తల అడ్డంగా ఊపాడు. జాలుకు ఒకవైపు కుంట కట్ట, దాని మీద బండి పట్టదు. బాట వైపు నుంచి దిగితే తన బండే మునుగుతుంది. మిగిలింది లచ్చవ్వ పొలం ఒక్కటే. దాని అడుగున మొరం గట్టిగా ఉంది. పొలం నడిమధ్య నుంచి పోయి అవతలి ఒడ్డు మీద నిలబడితే జీపు అందుతుంది.

సతీశ్ మేనమామను వెంటబెట్టుకుని వచ్చాడు. రచన, అనూష కూడా వచ్చి ఒడ్డు మీద నిలబడ్డారు. లచ్చవ్వ, ఎర్రయ్య పొలం మొదట్లో ఉన్నారు. చైన్ బండి ఇంజను నడుస్తూనే ఉంది.

"మామా, గీమెనే కంప తీసింది. పోయిన వారం జాలు కాడుండె, నా పాత వీడియోల ఉన్నది. కావాలని బాటకేసింది." సతీశ్ గొంతు పగిలి ఉంది. "గిది ట్రాప్ గాదా?"

రామస్వామి ఆమె వైపు తిరిగాడు. "కంప తీసినవా లచ్చవ్వా?"

ఎర్రయ్య ఏదో చెప్పబోయాడు. లచ్చవ్వ ఆయన కంటే ముందే అంది.

"తీసిన పటేలా. పగవట్టి తీసిన. మల్ల పోరిని చూసి, పోవద్దని గూడ జెప్పిన. రెండూ నేనే చేసిన. మొదటిది ఆయన ఫోనుల ఉన్నదంటుండు గదా, రెండోది గూడ ఉంటది. చూడుర్రి."

సతీశ్ జేబులోని ఫోను బయటికి తీయలేదు. మాట్లాడింది రచన.

"చెప్పింది చిన్నాయనా. బర్రె సచ్చిందని గూడ చెప్పింది. నేనే తీసిన వీడియో." మొగుడి వైపు చూడకుండా అంది. "ఈయనే నవ్విండు."

"అయితె అయింది" అన్నాడు సతీశ్ విసుగ్గా. "ఎంత పొలం పోతదో చూడున్రి, కట్టిస్త. భూమి మామదే గదా. శేఖరన్నా, పోనియ్."

శేఖర్ కదల్లేదు, రామస్వామి మొహం చూశాడు. రామస్వామి ఒడ్డు మీద చెప్పులు విడిచి, పంచె ఎగ్గట్టి పొలంలోకి దిగాడు. నాటు పడిన పొలంలో ఎంత పెద్దవాడైనా అట్లాగే దిగుతాడు. మొక్కల నడుమ జాగ్రత్తగా అడుగులు వేస్తూ కుంట పక్క మూల దాకా పోయాడు. వంగి, ఒక మొక్కను చేతిలోకి తీసుకుని ఆకు పొడవునా వేళ్లతో నిమిరాడు.

"ఇది నా నారు గదా?"

"నీదే. మిగిలిందని ఇచ్చినవ్."

"గా నడిమిట్లది?"

"అది బాలవ్వది. గా పక్కది దుర్గవ్వది. గిది ఎవ్వలిదో పేరు సుత తెల్వదు. పదకొండు దినాలు పదకొండు ఒడ్ల మీద నిలవడి అడుక్కచ్చిన."

రామస్వామి మొక్కను వదిలి నడుం ఎత్తాడు. ఈ కారు విడిచిపెట్టమని తాను అన్న మాట ఆయనకు గుర్తొచ్చిందో లేదో ఆయన మొహంలో తెలియలేదు. వచ్చిన దారినే తిరిగి వచ్చి ఒడ్డెక్కాడు.

"శేఖరా, బండి లారెక్కియ్యి."

"మామా!"

"నాటు వడ్డ పొలంల బండి పెట్టిచ్చిండని అంటరు నన్ను. ఇదే ఊర్ల బతకాలె నేను." ఆయన చెప్పుల్లో కాళ్లు పెట్టుకున్నాడు. "జీపు నీదే, బుద్ధి నీదే. నన్నడగకు."

ఇంజను ఆగింది. ఒక్కసారిగా కుంటలో నీళ్ల చప్పుడు వినబడింది. జీపు పైభాగం మీద తెల్ల కొంగ ఒకటి వచ్చి వాలింది. లచ్చవ్వకు నవ్వొచ్చింది, ఆపుకోలేదు.

సతీశ్ జీపు వైపు చూశాడు, పొలం వైపు చూశాడు. ఇన్నాళ్లలో మొదటిసారి పొలాన్ని పొలంగా చూస్తున్నాడు.

"మరెప్పుడు తీస్కపోవాలె?"

"కోసినంక."

"ఎన్ని దినాలకు కోస్తరు?"

లచ్చవ్వ చేయి చాపి ఒక్కో అతుకే చూపిస్తూ చెప్పింది.

"నా నారుంటె అంతా ఒక్కతీరే పండు. దసర ఎల్లంగనే కోద్దును, నీ జీపు నువ్వు తోల్కపోదువు. గా నారును గడ్డన్నవ్. ఇగ ఇప్పుడు చూడు, గా దొడ్డు రకం ముందు పండుతది. గది కోసినా నీ బండికి బాట కాదు. నడిమిట్లది ఎనుక. గిది ఎప్పుడు ఈనుతదో నాకే ఎరుక లేదు. గా మూలన ఉన్నది మీ మామ సన్న రకం. నీ జీపు పక్కపొంటి ఉన్నది గదే. అన్నిటికన్న ఎనుక పండుతది. గది కోసినంక రా."

అనూష తండ్రి చేయి పట్టుకుని ఆ రంగులను ఒక్కొక్కటే చూసింది. తర్వాత తండ్రి మొహం చూసింది. అతను పిల్ల కళ్లకు అందకుండా తల తిప్పుకున్నాడు.

రామస్వామి, శేఖర్ లారీ దగ్గరికి నడిచారు. సతీశ్ మాత్రం ఒడ్డు మీదే ఉండిపోయాడు. కాసేపటికి, ఆమెకు మాత్రమే వినబడేట్టు అడిగాడు.

"అప్పటిదాన్క అచ్చి చూస్కపోవచ్చా అవ్వా? ఇంకింత దిగవడుతదేమో."

లచ్చవ్వ అప్పటికే చీర ఎగదోపి పొలంలోకి దిగింది. వంగి, తుంగ మొలకను వేళ్లతో సహా పీకి, ఒడ్డు మీదికి విసిరింది.

"రా. ఎవలద్దన్నరు?" అంది తల ఎత్తకుండా. "చెప్పులు ఒడ్డు మీద ఇడిశి రా."